ముందు బ్రేకు, ఆ తర్వాతే క్లచ్చు

మా పిన్ని సూది గుచ్చితే నొప్పి తెలియదని ల్యాబ్‌కు వచ్చే ముసలివాళ్లు వేరెవరు పిలిచినా లేవకుండా ఆమె కోసమే కాచుకుని కూర్చుంటారు. నరం దొరకని చేతిలో కూడా వేలికొసతో తడిమి దాని జాడ పట్టగలదు. అటువంటి మనిషి డ్రైవింగ్ పరీక్షలో రెండుసార్లు తప్పింది. నడపడం దగ్గర కాదు, ఆపడం దగ్గర.

మంచం దిగలేని రోగుల ఇళ్లకే వెళ్లి రక్తం తీసుకురావడానికి ల్యాబ్‌వాళ్లు ఒక చిన్న కారు కొన్నారు. ఆ పని పిన్నికే ఇవ్వాలని పెద్ద డాక్టరమ్మ ఉద్దేశం. నెలాఖరులోగా లైసెన్సు చేతికి రాకపోతే మాత్రం కారూ, పనీ మరొకరికి పోతాయి. పిన్ని తాను పనిచేసే కిటికీ లేని గదిలోనే రక్తపు గొట్టాలకు చీటీలు అంటించుకుంటూ మిగిలిపోతుంది. పెళ్లికి ముందు నుంచీ ఆమె ఆ గదిలోనే ఉంది. పగలు వాన కురిసిందన్న సంగతి కూడా సాయంత్రం తడిసిన రోడ్డు చూశాకే తెలిసే గది అది.

ఈ అనర్థానికి పూర్తి బాధ్యత మా బాబాయిదే. ఆయన టాక్సీ నడుపుతాడు, పిన్నికి గురువు కూడా ఆయనే. దూరాన ఎర్రలైటు కనబడితే చాలు, క్లచ్చు తొక్కి, గేరును న్యూట్రల్‌లోకి తోసి, కారును దాని మానాన జారవిడుస్తాడు. వాళ్ల స్టాండులో అందరిదీ ఇదే వరస. బ్రేకు ముట్టకుండా ఎవరి కారు జారుకుంటూ వచ్చి సరిగ్గా స్టాండు గీత మీద ఆగుతుందోనని టీ పందెం కాస్తారు కూడా. పెట్రోలు ఆదా అవుతుందని వాళ్ల గట్టి నమ్మకం. గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజన్లకు పెట్రోలు సరఫరా దానంతటదే ఆగిపోతుందనీ, న్యూట్రల్‌లో అయితే ఊరికే తిరగడానికైనా అది ఖర్చవుతుందనీ నేను గొంతు చించుకున్నాను.

"ఏమ్మా లాయరమ్మా, ఇంజన్ ఎంత తాగుతోందో నీకెలా తెలుసు? పక్కన గ్లాసు పట్టుకుని కూర్చున్నావా?" అన్నాడు బాబాయి.

ఆ విద్యే పిన్నికి అబ్బింది. ఆపాలనుకోగానే ముందుగా ఆమె కాలు క్లచ్చు మీదకు పోతుంది. పరీక్ష మైదానంలోని వాలు మీద, ఇంజను పట్టు తెగిన కారు పగ్గం వదిలిన ఎద్దులా గీత దాటిపోయింది. రెండుసార్లూ పరీక్షాధికారి "తర్వాత!" అని మరొకరిని పిలిచాడు. తప్పేమిటని నేను ఆఫీసు కిటికీ దగ్గర నిలదీస్తే, "ఆపడం రాలేదు" అన్నాడు. కారణం చెప్పని తీర్పును తీర్పుగా అంగీకరించకూడదని లా కాలేజీలో చదువుకున్నదాన్ని. అక్కడే వాదనకు దిగాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని బయటకు లాక్కొచ్చింది.

ఆదివారం మంచినీళ్ల ట్యాంకు దగ్గరి వాలు రోడ్డు మీద సాధన మొదలుపెట్టాం. నాకు లైసెన్సు ఉంది గనుక పిన్ని పక్కన నేను కూర్చున్నాను. కారు ఆయనది గనుక బాబాయిని కాదనలేక, నోరు విప్పకూడదన్న షరతు మీద వెనక కూర్చోనిచ్చాం. ఆ షరతు మొదటి మలుపు దాకా కూడా నిలవలేదు.

"క్లచ్చు! క్లచ్చు తొక్కవే, ఇంజను ఆగి చస్తుంది!"

పిన్ని తొక్కేసింది. కారు ఒక్కసారిగా ముందుకు జారింది. ఎదురుగా ఉల్లిపాయల తోపుడుబండి రోడ్డు దాటుతోంది. ఆమె బ్రేకు మీద నిలబడినంత పని చేస్తే, బండికి బెత్తెడు దూరంలో కారు ఆగింది.

"ఏంటమ్మా, కొంటావా, గుద్దుతావా?" అని అరిచాడు బండివాడు.

"చూశావా, ఆగిందా లేదా?" అన్నాడు బాబాయి గెలిచినట్టుగా.

"ఆగింది బాబాయ్, ఆయన ఆయుష్షు గట్టిది కాబట్టి!" అని నేను అందుకుని, ఇంజను పట్టు గురించీ, బ్రేకులు వేడెక్కడం గురించీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

"ఇద్దరూ నోరు ముయ్యండి," అంది పిన్ని.

తోపుడుబండి దాటిపోయేదాకా చూసి హ్యాండ్‌బ్రేకు లాగింది. వెనక్కి తిరగకుండానే బాబాయిని అడిగింది.

"ఏవండీ, రక్తం తీసేటప్పుడు చేతికి రబ్బరు పట్టీ బిగిస్తాను కదా. ముందు పట్టీ విప్పుతానా, సూది తీస్తానా?"

"నాకేం తెలుసు? నేను కళ్లు మూసుకుంటాను."

"ముందు పట్టీ విప్పాలి. పట్టీ ఉండగానే సూది లాగితే రక్తం చిమ్ముతుంది. కారు దగ్గర మీరు నాకు ముందు సూది లాగడం నేర్పారు."

పిన్ని కారును మళ్లీ వాలు పైకి తీసుకెళ్లి తిప్పింది. యాక్సిలరేటర్ వదిలింది. బ్రేకును మెత్తగా, పత్తితో గాయం అదిమినట్టు అదిమింది. గేరులోనే ఉన్న ఇంజను కారును వెనక్కి పట్టి ఉంచింది. వేగం మనిషి నడకంత తగ్గి, ఇంజను చిన్నగా వణకబోయే క్షణంలో మాత్రమే క్లచ్చు తొక్కింది. ఆగాక హ్యాండ్‌బ్రేకు, ఆపైన న్యూట్రల్, చివరికి పాదాలు పెడళ్ల మీది నుంచి కిందికి. కారు వదిలి వెళ్లేటప్పుడు, దాని ముఖం పల్లం వైపు ఉంటే రివర్స్ గేరులో పెట్టి చక్రాలను రోడ్డంచు వైపు తిప్పమని నేను కలిపాను. టైరు కింద ఇటుక పెట్టి చేతులు దులుపుకునే బాబాయి గట్టిగా నిట్టూర్చాడు. చీకటి పడేదాకా పిన్ని వాలు దిగుతూనే, కారు ఆపుతూనే ఉంది. వెనక సీట్లో ఆయన ఎడమకాలు మాత్రం అక్కడ లేని క్లచ్చును ముందుగా తొక్కుతూనే ఉంది.

మూడోసారి పరీక్షలో కారు వాలు మీద గీతకు ఇవతలే కుదుపు లేకుండా నిలిచింది. అధికారి సంతకం చేసి, ఎప్పటిలాగే "తర్వాత!" అన్నాడు. నెగ్గినందుకైనా కారణం చెప్పడేమని నాకు ఒళ్లు మండింది. గేటు బయట బాబాయి అప్పటికే తోటి టాక్సీవాళ్ల భుజాలు చరుస్తున్నాడు.

"మరి నేర్పిందెవరనుకున్నారు?"

నేను విరుచుకుపడబోతే పిన్ని ఆపింది. "పోనీవే. లైసెన్సు నాది కదా."

నెలాఖరులోపే లైసెన్సు చేతికొచ్చింది. ఆ తర్వాతి సోమవారం పొద్దున ల్యాబ్ కారు ముందు బాబాయి తల దువ్వుకుని సిద్ధంగా నిలబడ్డాడు. "మొదటి రోజు, తోడు వస్తాను."

"ముందు సీట్లో నా సామాను, వెనక సీట్లో రక్తం పెట్టె. చోటు లేదండీ," అని పిన్ని తలుపు వేసుకుంది.

కారు వీధి చివర కూడలి దగ్గర వేగం తగ్గి, నిదానంగా ఆగి, మలుపు తిరిగింది. అంతా చూసి బాబాయి పెదవి విరిచాడు.

"అక్కడి నుంచి న్యూట్రల్‌లో వదిలేస్తే హాయిగా పోయేది."