సోమయ్యకు వినపడని ట్వీటర్లు

2010 దాటిన తొలి ఏళ్లు. ఇనుప గనుల ఊరైన కిరందుల్ బజారులో నాకు కార్ ఆడియో దుకాణం ఉండేది. రైల్వే ఉద్యోగం మీద మా నాన్న శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చాడు. నేను పట్టాలు వదిలి తీగలు పట్టుకున్నాను. ఇనుప గనుల్లో పనిచేసేవాళ్లు అప్పుడప్పుడే సెకండ్ హ్యాండ్ కార్లు కొంటున్నారు. కొన్న వారం లోపే నా దుకాణం ముందు ఆపేవారు. పని విషయంలో నాకు కాస్త పొగరే. నేను బిగించినది పలకలేదన్న మాట అప్పటిదాకా ఎవరి నోటా వినలేదు.

ఆ మాట మొదట అన్నవాడు సోమయ్య. తెలుగు సరిహద్దులోని కోంటా వైపు మనిషి, గనిలో డ్రిల్ ఆపరేటర్. పేలుడు మందు కూరడానికి కొండలో రంధ్రాలు వేసే పెద్ద యంత్రం నడిపేవాడు. భార్య రాజమ్మతో కలిసి వచ్చాడు. కారులో పాటలు దుప్పటి కప్పుకుని పాడినట్టున్నాయని, మాటలు తెలియడం లేదని చెప్పాడు.

డోర్ స్పీకర్లు విప్పి చూస్తే బాగానే ఉన్నాయి. కాకపోతే అవి ఉండేది కాళ్ల దగ్గర. సన్నటి శబ్దాలు చెవిదాకా రావు. వాటిని అలాగే ఉంచి, విడిగా ట్వీటర్లు వేద్దామన్నాను. ట్వీటర్ అంటే తాళాలు, గజ్జెలు, మాటల్లోని స, ష లాంటి సన్నని ధ్వనుల కోసమే ఉండే చిన్న స్పీకర్. దాన్ని సైడ్ మిర్రర్ దగ్గరి మూలలో, చెవికి ఎదురుగా బిగిస్తాను. డోర్ స్పీకర్‌కు వెళ్లే తీగ నుంచే కనెక్షన్ తీసి, మధ్యలో కెపాసిటర్ పెడతాను. బరువైన శబ్దాన్ని అది అడ్డుకుంటుంది. లేకపోతే ట్వీటర్ కాలిపోతుంది.

సాయంత్రానికి పని అయింది. గజ్జెలు బాగా వినిపించే పాట పెట్టాను. నాకైతే ఒళ్లు పులకరించింది. సోమయ్య స్టీరింగ్ ముందు కూర్చుని, సన్నటి శబ్దాన్ని పెంచే ట్రెబుల్ నాబ్ చివరిదాకా తిప్పేశాడు.

“ఏందన్నా, ఏం తేడా లేదు. ఇవి పలుకుతలేవు.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. అయినా మళ్లీ విప్పాను. తీగలు చూశాను, కెపాసిటర్ మార్చాను, ఇంకో జత ట్వీటర్లు తగిలించాను. అతనిది అదే మాట. అప్పుడు చూశాను, వెనక సీట్లో రాజమ్మ రెండు చెవులూ మూసుకుని కూర్చుంది. ఏమైందమ్మా అంటే, శబ్దం చెవుల్లో గుచ్చుకుంటోంది, తగ్గించమంది.

నా ట్వీటర్లు పలుకుతున్నాయన్నమాట. పాట ఆపేసి, భర్తను మెల్లగా పిలవమని ఆమెకు సైగ చేశాను. ఆమె పిలిచింది. అతను కదల్లేదు. రెండోసారీ అంతే. నా ముఖం మారడం చూసి వెనక్కి తిరిగాడు.

“ఏంది?” అన్నాడు, ఆమె పెదాల వంక చూస్తూ.

రాజమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇంట్ల మంచిగనే మాట్లాడుతడన్నా. కారెక్కినంక ఏం చెప్పినా పలకడు. నా మీద కోపమనుకున్న.”

ఇంట్లో ఆమె ఎదురుగా ఉంటుంది కాబట్టి పెదాలు చూసి మాట పోల్చుకునేవాడు. గనిలో యంత్రాల మోత మధ్య అందరూ అలాగే మాట్లాడుకుంటారు. అందుకే అక్కడ కూడా ఎవరూ కనిపెట్టలేదు.

చెవులకు పెట్టుకునే మఫ్‌లు ఇవ్వలేదా అని అడిగాను. ఇచ్చారట, సీటు కింద ఉన్నాయట. మంచి ఆపరేటర్ డ్రిల్ మోతను బట్టే రాయి గట్టిదో మెత్తదో చెప్పేస్తాడు. మఫ్ పెట్టుకుంటే ఆ తేడా తెలియదని ఏళ్ల తరబడి చెవులు అలా వదిలేశాడు.

“ఈ ఏడు రాయి సప్పుడు గూడ తగ్గిందన్నా. మిషన్ పాతదైందనుకున్న,” అన్నాడు.

చెవి పరీక్షకు వెళితే డ్రిల్ మీద నుంచి దించేస్తారని అతని భయం. ఆ యంత్రం మీద అతనికున్న పేరు బజారంతటికీ తెలుసు. జాలేసింది, కానీ నేను మొహమాటపడలేదు.

“సోమన్నా, స్పీకరైతే మార్చగలను గానీ చెవి మార్చలేను. ఉన్నదైనా నిలబెట్టుకో. జగదల్‌పూర్ వెళ్లి చెవుల డాక్టర్‌కి చూపించు,” అన్నాను.

వెళ్లాడు. పోయిన వినికిడి తిరిగి రాదని, మిగిలింది కాపాడుకోవాలని డాక్టర్ చెప్పాడు. భయపడ్డట్టే డ్రిల్ మీద నుంచి దించి స్టోర్‌లో వేశారు. ఆ కబురు చెప్పడానికి ఇద్దరూ వచ్చారు. కొండను తొలిచిన మనిషి, నట్లు బోల్టులు అందించే పని గురించి తల దించుకుని చెప్పాడు. ఇంక ఈ ట్వీటర్లు తీసేయనా అని అడిగాను.

“ఎందుకు తీస్తవ్? ఆమె వింటది గద.”

ఈసారి రాజమ్మ ముందు సీట్లో కూర్చుంది. పాట పెట్టి, సోమయ్య తనే ట్రెబుల్ మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాడు. చేయి నాబ్ మీద, చూపు ఆమె ముఖం మీద. ఆమె నుదుటి ముడి విడిపోయిన చోట చేయి తీసేశాడు. నేను చేసినా సరిగ్గా అక్కడే ఆపేవాణ్ణి.

ఇప్పుడు నేను కూడా ట్యూనింగ్ అలాగే చేస్తాను. పాట పెట్టి, ఆ కారులో తిరిగే అందరి ముఖాలూ చూస్తాను.