పెద్దమ్మ పంపిన పొడుగు వాయిస్

పెద్దమ్మ పోయిందన్న కబురు మా వార్డు వాట్సాప్ గ్రూపులోనే తెలిసింది. ఆమె కోడలి గొంతు: "మా అత్త పొద్దుగాల పోయింది. అందరు రాండ్రి." నా జిరాక్స్ షాపు షట్టర్ దించి పరుగెత్తాను.

నల్గొండ జిల్లాలో హైవే మీద పెరుగుతున్న ఊరు మాది. పెద్దమ్మ మా అమ్మకు అక్క. అంగడిలో కూరగాయలు అమ్మేది. చదువు రాదు. ఫోనులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడటం నేర్చుకున్నాక మాత్రం ఆమెను పట్టడం ఎవరి తరమూ కాలేదు! ఊరి పనుల మీద జనం మాట చెప్పమని మున్సిపాలిటీ వాళ్లు ఆ గ్రూపు పెట్టినప్పుడు "ఎవరింటరు పెద్దమ్మా" అని నవ్వాను.

"అడిగినంక గూడ చెప్పకపోతే, తర్వాత ఏడ్సే హక్కు మనకుండదు బిడ్డా" అంది.

ఆమెకొక పద్ధతి ఉండేది. ముందు పేరు చెప్పాలి, తర్వాత కూర్చునే జాగా, ఆ తర్వాత ఏం కావాలో. గుడ్ మార్నింగ్ బొమ్మలు పెట్టేవాళ్లను వదిలేది కాదు. "పూలు కావాల్నంటే అంగట్లకు రాండ్రి, గీడ పని ముచ్చట చెప్పుండ్రి."

ఒకరోజు గ్రూపులో ముసాయిదా వచ్చింది. అంగడిని హైవే అవతలికి మారుస్తారట, అభిప్రాయాలు శుక్రవారంలోగా చెప్పాలట. అమ్మే ఆడవాళ్లంతా ఇవతలి గల్లీల వాళ్లే. తట్ట నెత్తిన పెట్టుకుని రోజూ రెండుసార్లు లారీల మధ్య దాటాలి. నేను నాలుగు పేజీల అర్జీ రాసి గ్రూపులో పెట్టాను. నాకు మహా గర్వం. "పరిశీలిస్తాం" అని జవాబొచ్చింది.

మర్నాడు పొద్దున పెద్దమ్మ తోటివాళ్లను, తట్టలను వెంటేసుకుని హైవే అవతలి ఆ కొత్త జాగా చూడటానికి బయల్దేరింది. రోడ్డు ముందు మైకు నొక్కి పేరు, జాగా చెప్పింది. మైకును పైకి జరిపితే చెయ్యి తీసినా రికార్డవుతుందని నేర్పింది నేనే. ఆపడం నేర్పలేదు! ఫోను సంచిలో వేసుకుని రోడ్డెక్కింది. తిరిగొచ్చాక ఏం నొక్కిందో గానీ అంతా గ్రూపులో పడింది.

ఊరంతా విన్నది! లారీ హారన్లు, కీచుమన్న బ్రేకులు, "ఆగుండ్రి! అవ్వ చెయ్యి పట్టుకోండ్రి!" అన్న కేకలు, ఎవరిదో తట్ట పడిన చప్పుడు. చివర్లో ఆయాసపడుతూ పెద్దమ్మ: "దేవుడా, రోజూ గిదేనా?"

"ఇజ్జత్ పోయిందిరా, తీసెయ్" అని నా వెంటపడింది. తీసేలోపే మున్సిపల్ కమిషనర్ మేడమ్ గ్రూపులో రాసింది, ఆ అమ్మను మీటింగుకు పంపమని. హాలులో ఆ వాయిస్ పెట్టి వినిపించారు. నా నాలుగు పేజీలను ఎవరూ ముట్టుకోలేదు. కోపం రాలేదు, సరే, కొంచెం వచ్చింది. అంగడి ఇవతలే ఉంటుందని గ్రూపులో పెట్టిన రోజు మాత్రం షాపులోనే ఎగిరి గంతేశాను. పెద్దమ్మ నా నోట్లో బెల్లం ముక్క పెట్టి, "మన మాట ఇన్నరురా!" అంది.

ఆమె పోయిన రోజు గ్రూపులో ఒక్క పూల బొమ్మ కూడా పడలేదు. అందరూ గొంతుతోనే, ఆమె నేర్పిన వరసలోనే మాట్లాడారు. నిమ్మకాయలు అమ్మే ఆవిడ తన పేరు చెప్పి, "నా జాగా ఆమె పక్కపొంటే. నాకు మా అక్క కావాలె" అంది.

నేనూ అంగడిలో ఆమె జాగా దగ్గర నిలబడి మైకు నొక్కాను. పేరు చెప్పాను, షాపు చెప్పాను. ఏం కావాలో చెప్పాల్సిన చోట మైకును పైకి జరిపి చెయ్యి తీశాను. ఆ వాయిస్‌లో మిగిలిందంతా ఇవతలి అంగడి కేకలే.