సాన్ పెద్రో పండగనాడు రేవు మూసిన పిల్ల

ఊరి నోళ్ళు మూయించడం కంటే రేవు మూయించడమే తేలిక. ఓరియానా మిల్లాకురా రెండోది చేసింది, మొదటిది ఎవరి వల్లా కాలేదు.

చిలోయె దీవిలో ఈ పల్లెకారుల రేవుకి నౌకాదళం పెట్టిన మనిషి ఆమే. పడవలు వెళ్ళాలన్నా ఆగాలన్నా ఆమె మాటే. పుట్టింది కూడా ఇక్కడే, అదే వచ్చిన చిక్కు. పరాయివాడు ఆపితే చట్టం అంటారు, మన పిల్ల ఆపితే పొగరంటారు. తిట్లు తిని తిని విసిగిపోయింది. నెలాఖరుకి నౌకాదళం వదిలేసి సాల్మన్ చేపల కంపెనీలో చేరతానని తల్లికి మాట కూడా ఇచ్చేసింది.

పండగనాడు పల్లెకారుల్ని కాచే దేవుడు సాన్ పెద్రో విగ్రహాన్ని పడవెక్కించి సముద్రం మీద తిప్పాలి. తిప్పకపోతే ఆ ఏడు చేప పడదని ఊరి నమ్మకం. ఆ పొద్దున నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. పడవలకి కాగితప్పూలు కట్టారు, పిల్లాజెల్లా ఎక్కి కూర్చున్నారు. అప్పుడొచ్చింది ఓరియానా. ఉత్తరపు గాలి లేస్తుందని కబురొచ్చిందనీ, రేవు మూసేశాననీ చెప్పింది.

దేవుడి పడవకి పెద్ద ఆమె మేనమామ బెలార్మినో.

"ఎక్కడే గాలి? నా మీసం కూడా కదలట్లేదు."

"మధ్యాహ్నానికి కదులుతుంది మామా. దిగు."

"నా ఒళ్ళో ఉచ్చపోసిన దానివి, నాకు చెప్తావా?"

"అప్పుడు తడిపింది చాల్లే. ఇప్పుడు ముంచలేను."

"దేవుణ్ణే ఆపుతావన్నమాట. స్వర్గం తాళంచెవులు ఆయన చేతిలో ఉన్నాయే పిచ్చిదానా."

"ఉండనీ. రేవుది నా చేతిలో ఉంది."

అందరూ పిల్లల్ని దింపుకుని దిగిపోయారు. మామ మాత్రం విగ్రహం పక్కన బిగుసుకుని కూర్చున్నాడు. ఓరియానా ఆ పడవ కట్టుతాడు పట్టుకుని నిలబడింది. దారిన పోయేవాళ్ళంతా తలో మాటా అన్నారు. ఆమె తాడు వదల్లేదు.

మధ్యాహ్నం దాటాక ఉత్తరాన ఆకాశం నల్లబడింది. ముందు కాగితప్పూలు ఎగిరిపోయాయి. తర్వాత మామ టోపీ. ఆయన విగ్రహాన్ని చంకనెత్తుకుని దిగాడు. కాసేపటికే రెండు పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుని పగిలాయి. వాటిలో మనుషులెవరూ లేరు.

సాయంత్రం మామ వేడివేడి బంగాళాదుంప రొట్టెలు గుడ్డలో చుట్టుకుని ఓరియానా ఇంటికి వచ్చాడు.

"వెళ్ళిపోతున్నావంటగా."

"మీ మాటలు పడలేక."

"నీ బదులు ఎవణ్ణి పంపుతారో. ఒక సీసా ఆపిల్ కల్లుకి రేవు తెరిచే రకమైతే? ఆ పడవలెక్కేది నా మనవలే."

"అంటే, నేనుంటే ఇకమీదట తిట్టవా?"

"తిడతాను. తిట్టానని నువ్వు తెరిచేస్తే మాత్రం ఊరుకోను."

ఓరియానా రొట్టె విరుచుకుని, వంటింట్లో ఉన్న తల్లికి వినబడేలా చెప్పింది: "అమ్మా, ఆ కంపెనీవాళ్ళని ఇంకొకర్ని చూసుకోమను."

గాలి తగ్గిన రోజున ఆమే రేవు తెరిచింది. ముందు నౌకాదళం బోటులో ఆమె, వెనక పడవలో సాన్ పెద్రో. విగ్రహం పక్కన మామ నిలబడి, మరీ నత్తలా పోనిస్తోందని అరుస్తూనే ఉన్నాడు.