పేరూ తేదీ లేనిదే రాయని రిజిస్టరమ్మ

బస్సు డిపోలో ఆమెను అందరూ రిజిస్టరమ్మ అనే పిలిచేవారు. చేసేది గుమాస్తా ఉద్యోగం. ప్రతి సోమవారం పది గంటలకు మేనేజరు గదిలో మీటింగు జరిగేది. ఓ మూల స్టూలు మీద కూర్చుని, ఎవరేమన్నారో పొడవాటి రిజిస్టరులో ఎక్కించడం పన్నెండేళ్లుగా ఆమె పని. పదహారు మంది వచ్చేవారు. పదింటికి మొదలైన మీటింగు ఒంటిగంటకు గాని తెమిలేది కాదు. టైర్ల సంగతి ఎత్తితే అది పాత మేనేజరు హయాం దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఎవరి మోకాళ్ల నొప్పులకో దిగేది. రెండు విడతల టీలయ్యాక "సరే, చూద్దాం" అని అందరూ లేచేవారు. ఆ "చూద్దాం" రాసీ రాసీ ఆమె వేలికి కాయ కాసింది.

ఇంట్లో అత్తగారు ఒకసారి అడిగింది. "పొద్దున్నుంచీ మీటింగంటావు, ఇంతకీ ఏం తేల్చారమ్మా?"

"చూద్దామన్నారత్తయ్యా."

"పోయిన వారమూ అదే చెప్పావు కదా! ఇన్ని కళ్లు పెట్టుకుని ఇంకా చూస్తూనే ఉన్నారా?"

కోడలు నవ్వేసింది గాని, ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు పద్నాలుగో నంబరు బస్సు వెనక తలుపు మలుపులో తెరుచుకుని, డ్యూటీకి వెళ్తున్న ఒక నర్సు రోడ్డు మీద పడింది. చెయ్యి విరిగింది. ప్రాణానికి ముప్పు తప్పింది. ఆ బస్సు డ్రైవరు నేరుగా రిజిస్టరమ్మ బల్ల దగ్గరికొచ్చాడు.

"గడియ పట్టడం లేదని ఎన్నిసార్లు చెప్పానక్కా! నువ్వు రాసుకోలేదా?"

ఆమె పేజీలు వెనక్కి తిప్పింది. పదకొండు సోమవారాలు. పదకొండు చోట్లా తన గుండ్రటి అక్షరాలే: "వెనక తలుపు గురించి చర్చించడమైనది." ఎవరు బాగుచెయ్యాలో, ఎప్పటికి చెయ్యాలో ఎక్కడా లేదు. తన చెవిన పడ్డ మాటే, తన చేత్తో రాసిన మాటే.

మధ్యాహ్నం మేనేజరు పిలిపించాడు. మనిషి చెడ్డవాడు కాదు. మర్నాడు హెడ్డాఫీసు నుంచి విచారణ ఉందని బెదిరిపోయి ఉన్నాడు.

"పోయిన వారం పేజీ అడుగున కాస్త ఖాళీ ఉంది కదమ్మా. తలుపు బాగుచెయ్యమని హెడ్ మెకానిక్కుకి చెప్పినట్టు ఒక్క లైను పెట్టెయ్."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నావల్ల కాదు సార్. మీరలా చెప్పలేదు. చెప్పనిది రాస్తే రేపటి నుంచి ఈ రిజిస్టరుకీ విలువుండదు, నాకూ ఉండదు."

మేనేజరు తల దించుకున్నాడు. "అయితే ఏం చెయ్యమంటావ్?" అన్నాడు. పన్నెండేళ్లలో ఆ గదిలో ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"నాకు నాలుగు సోమవారాలివ్వండి సార్. మీటింగు ఎలా జరగాలో నేను చెప్తాను."

విచారణలో మేనేజరు రిజిస్టరును ఉన్నదున్నట్టే చూపించి, చీవాట్లు తిని వచ్చాడు. వస్తూనే ఆ తలుపు గడియ మార్చమని మెకానిక్కులకు చెప్పి, ఆమె బల్ల దగ్గర ఆగి, "నాలుగు సోమవారాలూ నీవే" అన్నాడు.

మొదటి సోమవారానికి ముందురోజుల్లోనే, ఏ విషయం మాట్లాడాలో, దానికి ఎవరు రావాలో రాసి ఆమె బోర్డుకి అంటించింది. పని లేనివాళ్లు రానక్కర్లేదంది. టికెట్ల విభాగం పెద్దాయన తన పేరు లేదని అలిగి, వరండాలో కుర్చీ వేసుకుని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

లోపల హెడ్ మెకానిక్కు మీసం దువ్వుకుంటూ అన్నాడు. "పదో నంబరు బస్సు వైపర్ సంగతి చూద్దాం."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఎవరు చూస్తారన్నా?"

"ఎవరంటే... మా వర్క్‌షాపు."

"మనిషి పేరు చెప్పండి. ఏ రోజుకి?"

"ఏంటమ్మా, రాసేదానివి రాసుకోక మాకే క్లాసు పీకుతున్నావా?"

"రాయడానికే అడుగుతున్నానన్నా. పేరూ తేదీ లేకపోతే నా పెన్ను కదలదు."

మేనేజరు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. హెడ్ మెకానిక్కు ముఖం ఎర్రబడింది. "సరే, నేనే! గురువారానికి! రాసుకో!" ఆమె రాసి, అందరికీ వినపడేలా చదివింది.

తర్వాతి సోమవారం మొదట ఆ లైనే చదివింది. వైపర్ అలాగే ఉంది.

"స్టోరు వాళ్లు బ్లేడు ఇస్తేగా!" అని అతను ఎగిరాడు.

"నువ్వు చీటీ పంపిస్తేగా!" అని స్టోరు కీపరు లేచాడు.

ఇదివరకైతే గంటసేపు సాగే భాగోతం అది. ఆమె ఒక్కటే అడిగింది. "చీటీ ఎప్పుడు రాస్తారన్నా?" హెడ్ మెకానిక్కు కాసేపు గుర్రుగా చూసి, జేబులోంచి పెన్ను తీసి అక్కడికక్కడే రాసిచ్చాడు. భోజనాల వేళకి వైపర్ ఆడింది.

నాలుగో సోమవారం మీటింగు పదీ నలభైకే అయిపోయింది. ఎవరూ లేవలేదు. అంత తొందరగా లేవడం అలవాటు లేక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి మేనేజరే, "వెళ్లి బస్సులు చూసుకోండయ్యా!" అని నవ్వాడు. ఆ వానాకాలం తలుపు వల్లగాని వైపర్ వల్లగాని ఒక్క బస్సూ దారిలో ఆగలేదు.

ఏడాది తిరక్కుండానే హెడ్డాఫీసు నుంచి పిలుపొచ్చింది. ఈ పద్ధతేమిటో మిగతా డిపోల వాళ్లకు చెప్పాలట. మేనేజరును రమ్మంటే, "చెప్పాల్సిన మనిషి వేరే ఉంది" అని ఆమెను పంపాడు. జీపు నడిపింది హెడ్ మెకానిక్కు. తనే నడుపుతానని పట్టుబట్టాడు.

ఆమెకు గంట టైమిచ్చారు. ఇరవై నిమిషాల్లో ముగించింది. ఒక ఆఫీసరు లేచి, "పెద్దవాళ్లని పేరు చెప్పు, తేదీ చెప్పు అంటే ఊరుకుంటారా?" అన్నాడు.

ఆమె నోరు తెరిచేలోపే వెనక వరుసలోంచి హెడ్ మెకానిక్కు గొంతు వినిపించింది. "ఎందుకూరుకోరు సార్? నేనూరుకోలేదూ? నాకంటే మొండివాడు మీ దగ్గరున్నాడా?" హాలంతా ఘొల్లుమంది.

బయటికొస్తుంటే, వేరే డిపో అమ్మాయొకతె నోటుపుస్తకంతో పరుగున వచ్చి, "మీరు అక్కడ ఏ ఆఫీసరు మేడమ్?" అని అడిగింది.

"గుమాస్తానమ్మా" అంది ఆమె, మెట్ల మీద నిటారుగా నిలబడి. ఆ మాటను అంత గట్టిగా ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు.