చైను కొలిచి కొన్న బుల్డోజర్

మొదటి బుల్డోజర్ వల్ల నాకు పోయినవి రెండు జతల చైన్లు, ఒక గేర్‌బాక్సు, పదకొండు నెలల పని, మా ఆవిడ గాజులు నాలుగు. కొత్త రంగు చూసి పాత యంత్రం కొన్నాను మరి.

రెండోసారి మిగిలిన డబ్బంతా పట్టుకుని నేరేడ్‌మెట్ దగ్గర పాత యంత్రాలమ్మే చోటికి వెళ్లాను. ఇదీ దెబ్బతింటే కాంట్రాక్టులు మానుకోవాల్సిందే. బన్సీలాల్‌పేట్ నుంచి ముసలి మెకానిక్‌ను వెంటబెట్టుకున్నాను. పసుపు రంగుతో మెరిసే యంత్రం ముందు నా కాళ్లు మళ్లీ ఆగిపోయాయి.

"ఏంది సారూ, పెండ్లిచూపులా? జెర కిందికి వంగి చైను జూడు. చైను సాగిందంటే ఇల్లు అమ్ముకునుడే," అన్నాడాయన.

టేపు తీసి కొలిచాను. మెరిసేదాని చైను ఐదు పిన్నుల మధ్య కొత్త చైను కొలతకంటే ముప్పావు అంగుళం సాగింది. మూలనున్న తుప్పుదానిది పావు అంగుళం కూడా సాగలేదు. దాని సామాన్లు రాణిగంజ్‌లో ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. దాన్నే కొన్నాను.

"చైనుకు పైసా ఖర్చు లేని ప్రతి నెలకు నాకొక ఇరానీ చాయ్ తాపాలె," అన్నాడు మెకానిక్. సంతోషంగా ఒప్పుకున్నాను.

కాప్రాలో ప్లాట్లు చదును చేస్తూ అది ముప్పై ఒక్క నెలలు చైను ఖర్చు లేకుండా నడిచింది. నెలనెలా చాయ్ తాగుతూ ఇద్దరం దాన్ని పొగిడేవాళ్లం. ఇరవై నాలుగు చాయ్‌లయ్యాక డాక్టరు ఆయనకు చక్కెర వద్దన్నాడు. చక్కెర లేకుండా తాపిస్తానన్నాను.

"గది చాయేనా సారూ? తాగను, మాఫీ సుత చెయ్యను," అన్నాడు.

ఇప్పటికీ ఆయనకు ఏడు చాయ్‌లు బాకీ ఉన్నాను.