తెర దాకా నాలుగడుగులు

బోహోల్ దీవికి సెలవులకొచ్చినవాళ్లకు లోతు డైవింగ్ నేర్పే క్రిసాంతో, అందరూ పైకొచ్చాక పడవలో హాజరు పిలుస్తాడు. ఎవరి పేరుకు వాళ్లే పలకాలి. ఒకరి బదులు ఇంకొకరు పలికారో, తోలు తీస్తాడు.

పదకొండేళ్ల కిందట మార్టెన్ అనేవాడి పేరు క్రిసాంతో పిలిస్తే, పడవ ముందువైపు తెర వెనక బట్టలు మార్చుకుంటున్నాడనుకుని వాడి స్నేహితుడు పలికాడు. పడవ కదిలింది. తిరిగొచ్చి వెతికితే సముద్రం తుడిచిన పలకలా ఉంది.

అప్పట్నుంచీ క్రిసాంతో చివర్లో ఆ పేరూ పిలిచి, కాసేపు ఆగుతాడు. ఆ తర్వాతే ఇంజను.

ఇవాళ ముప్పై మీటర్లు దిగిన ఆరుగురూ పైకొచ్చారు. ఆరుగురూ పలికారు.

"మార్టెన్!"

పడవ నడిపే నార్డింగ్ ఎప్పటిలాగే తల దించుకున్నాడు. ఆ ఆరుగురిలో హెన్రికా నిన్ననే చేరింది, అందరి పేర్లూ ఇంకా తెలియవు. పైగా చలికి వణుకుతోంది. ముందువైపు తెర గాలికి ఊగడం చూసింది.

"ఉన్నాడు సార్, బట్టలు మార్చుకుంటున్నాడు. ఇక పదండి!"

"అన్నా, వద్దు," అన్నాడు నార్డింగ్ మెల్లగా. "ఆ పిల్లకేం తెలుసు?"

క్రిసాంతో వినలేదు. నాలుగడుగులేసి తెర లాగాడు. ఎవరూ లేరు.

ఆ రోజు అతను వెయ్యనివి ఈ నాలుగడుగులే.