నజీరుద్దీన్ సారు కలల రిజిస్టరు

కరీంనగర్‌లో నజీరుద్దీన్ సారు ఎదురైతే మనిషిని క్షేమసమాచారం అడగరు. "రాత్రి ఏం కలొచ్చింది?" అని అడుగుతారు. పెళ్లిపందిట్లోనైనా, బస్టాండులోనైనా, ఆస్పత్రి వరండాలోనైనా అదే ప్రశ్న. అడిగి ఊరుకుంటే బాగుండు. చంకలోని పొడుగాటి రిజిస్టరు తీసి, కళ్లజోడు సర్దుకొని, చెప్పేదాకా కదలరు.

ముప్పై రెండేళ్లు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాక ఆయన దూరవిద్యలో మనస్తత్వశాస్త్రం ఎమ్మే కట్టారు. మనసు అడుగుపొరల్లో ఉన్నదాన్ని కలలూ పురాణాలూ ఒకే భాషలో చెబుతాయని నమ్మకం కుదిరింది. ఆయనకు నమ్మకం కుదిరాక పేటకు నిద్ర కరువైంది. మంకమ్మతోటలో తన మేడ మీద ఆదివారం ఆదివారం ఉచితంగా పాఠం మొదలుపెడితే, మొదటి నెల పదకొండు మంది వచ్చారు. రెండో నెలకు మిగిలింది సృజన ఒక్కతే. ఆమె కూడా అదే శాస్త్రంలో ఎమ్మే చదువుతోంది.

"మిగతావాళ్లేరి సార్?" అని అడిగితే, "కలలు అయిపోయినయంట బిడ్డా" అన్నారు సారు గంభీరంగా.

ఆటో ముత్తయ్య ఒకసారి చేతులు జోడించాడు. "సారూ, నాకు నిద్రనే పడ్తలేదు. కలేడికెల్లి వస్తది?"

"నిద్ర పట్టక కండ్లు మూసుకుంటే ఏం కనిపిస్తది?"

"మీరే కనిపిస్తున్నరు. రిజిస్టరు పట్టుకొని."

సారు అది కూడా రాసుకున్నారు.

ఇంట్లో ఆయన భార్య కుబ్రా మేడం పరిస్థితి మరీ అన్యాయం. "చాయ్ కన్నా ముందు కల అడుగుతరు. రోజూ ఏడ తెచ్చేది? కల్పించి చెప్తున్న" అని సృజన చెవిలో చెప్పిందామె. "మొన్న ఏనుగు మన బావిల పడ్డదన్న. మూడు పేజీలు రాసుకున్నరు. మనకు బావి లేదన్న ఫికరే లేదు."

ఇంత రాసుకొని అర్థమైనా చెబుతారా అంటే, అదీ లేదు. పాము కనిపించింది, మంచిదా చెడ్డదా అని భయపడుతూ అడిగినవాళ్లను "నీకేమనిపిచ్చింది?" అని తిరిగి అడుగుతారు. సృజనకూ విసుగొచ్చి నిలదీసింది. సారు ఒక పురాణకథ చెప్పారు. కలలో కనిపించినవాడెవరో తెలియక ఒక రాకుమార్తె మంచం పట్టిందట. "చెలికత్తె అర్థం చెప్పిందా? చెప్పలే. కుంచె పట్టుకొని ఒక్కొక్కని బొమ్మ గీసి, వీడా? వీడా? అని అడిగింది. అడుగుడే మన పని బిడ్డా."

ఆ మాట సృజనకు అప్పుడు నచ్చలేదు. ఆమెకు ఒక కలకు అర్థం కావాలి. అది ఆమె తల్లి పోశవ్వ కల.

చొప్పదండిలో ఉంటుంది పోశవ్వ. మూడేళ్ల కింద ఆమె భర్త దుబాయ్‌లో, పనికాడ గుండె ఆగి చనిపోయాడు. పెట్టె వచ్చింది. చూడలేరని పెద్దలు మూత తీయనివ్వలేదు. నెల రోజులుగా అతను కలలో వచ్చి గేటు దగ్గర నిలబడుతున్నాడు. లోపలికి రాడు, మాట్లాడడు. అతన్ని అట్లా చూడలేక పోశవ్వ పడుకోవడమే మానేసి రాత్రంతా కుర్చీలో కూర్చుంటోంది. ఆకలికి వచ్చిండని పక్కింటి ఐలవ్వ అంటే, పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చినప్పుడు అతని పేరున ఇంకో రెండు కిలోలు ఎక్కువే ఇచ్చారు. అయినా అంతే. పత్తిచేనులో రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. నిద్రపోకపోతే మనిషి దక్కదని డాక్టరు చెప్పేశాడు.

"నేను చదువు బంద్ చేసి అవ్వ కాడికి పోత సార్" అంది సృజన.

సారు రిజిస్టరు చంకన పెట్టుకున్నారు. "పా, నేనూ వస్త."

పోశవ్వ వాకిట్లో కుర్చీ వేసుకొని ఆయన మొదలుపెట్టిన ప్రశ్నలకు సృజన తల కొట్టేసినట్లయింది. ఏ రంగు అంగీ? కాళ్లకు చెప్పులున్నయా? సంచి ఏ చేతుల ఉన్నది? గడ్డం గీసుకున్నడా? ప్రాణం మీదికొచ్చిన మనిషిని అడగాల్సినవేనా ఇవి? కానీ పోశవ్వ మెల్లగా ఒక్కొక్కటీ చెబుతూ పోయింది.

"ఆయన ఊకె నిలబడ్తడు. మరి నువ్వేమంటవ్ చెల్లె?"

"పిలుద్దామనుకుంట సారూ. నోరు రాదు."

"ఏమని పిలుస్తవ్?"

"ఏమని పిలుస్త? ఇగో, ఇంటున్నవా అనేదాన్ని. ఇంట్ల ఉంటే ఇంటడు. గేటు కాడ మస్తుమంది పోతుంటరు, ఎవలనో అనుకుంటడు."

సారు పెన్ను ఎత్తి పట్టుకున్నారు. "వచ్చినాయన పేరేంది?"

"నేను చెప్త సార్, మా బాపు పేరు..."

"కల నీది కాదు బిడ్డా."

పోశవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నేను ఆయన పేరెట్ల అంట సారూ? పెత్రమాస నాడు అయ్యగారడిగితే మా మరిది చెప్పిండు."

"గీ గడి ఖాళీగ ఉంటే యూనివర్సిటీవాళ్లు ఒప్పుకోరు. ఫెయిల్ చేస్తరు. గీ వయసుల ఫెయిలైతే మా కుబ్రా ఇంట్లకు రానియ్యది. జర సాయం చెయ్యి చెల్లె."

పోశవ్వకు నవ్వు రాబోయి ఆగింది. "మొగని పేరు నోటితోని అంటే ఆయుష్షు తక్కువైతదని మా అత్త..." అంటూ మాట మధ్యలోనే ఆపేసింది. ఆ తర్వాత కొంగు చాటు నుంచి వినపడీ వినపడనట్టు అంది. "దశరథం."

"నాకే ఇనరాలే. గేటు కాడికి ఇనపడాలె."

"దశరథం!"

ఐలవ్వ గోడ మీది నుంచి తొంగిచూసి, "ఓ పోశీ, నీకేమన్న అయిందానే?" అని ముక్కున వేలేసుకుంది. పోశవ్వ పట్టించుకోలేదు. ఇంకోసారి పిలిచింది, ఇంకా గట్టిగా. తర్వాత ఎక్కి ఎక్కి ఏడ్చింది. మూత తీయని పెట్టె ముందు ఏడవలేకపోయిన ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. సృజన తల్లిని పట్టుకొని కూర్చుంది. సారు రిజిస్టరు మూసి, గేటు వైపు చూస్తూ ఉండిపోయారు.

తిరుగు బస్సులో సారుకు కునుకు పట్టింది. సృజన ఆయన ఒళ్లోని రిజిస్టరు తెరిచింది. తేదీ, కల, ఏమనిపించింది. మూడే గడులు. ఏ పేజీలోనూ పేరు గడి లేదు. అంచుల్లో మాత్రం పెన్సిలుతో చిన్న చిన్న రాతలున్నాయి. 'ముత్తయ్యను బుధవారం డాక్టరుకు చూపించాలి' అని రాసి, దాని పక్కన టిక్కు. 'ఈమెతో మాట్లాడే దిక్కు లేదు, శుక్రవారం మళ్లీ పోవాలి' అని ఇంకోచోట. దానికి వరసగా ఆరు టిక్కులు.

"సార్, పేరు గడి ఏది?"

సారు ఒక కన్ను తెరిచారు. "లేదు బిడ్డా."

"మరి యూనివర్సిటీ? ఫెయిలు?"

"ఎమ్మే పోయినేడే పాసైన" అని ఆయన మళ్లీ కన్ను మూసుకున్నారు. ఇన్నాళ్లూ ఈయన్ను చూసి నవ్వుకున్నందుకు సృజనకు సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే పోశవ్వ ఫోను చేసింది. గొంతు తేటగా ఉంది. "పండుకున్న బిడ్డా. పొద్దెక్కినంక లేసిన. సారును రాసుకొమ్మను."

"బాపు వచ్చిండా?"

"వచ్చిండు. పేరు పెట్టి పిలిస్తే లోపలికొచ్చి పీట మీద కూసున్నడు. అన్నం పెట్టిన. కూరల ఉప్పు తక్కువైందని షురూ చేసిండు."

"నువ్వేమన్నవే?"

"ఏమంట? దశరథం, నోరు మూసుకొని తిను అన్న."

"తిన్నడా?"

"తినక ఏడికి పోతడు!" అంది పోశవ్వ.